ఆరు సెకన్ల ఆలస్యం

నూకరత్నం గంప దించి, కానాగంతలు తూకం వెయ్యబోతుండగా పొట్ట మీది పట్టీ బిగుసుకుంది.

చేతిలో ఉన్న చేపను గంపలోకి వదిలేసి గట్టిగా ఊపిరి పీల్చింది. వదిలింది. మళ్ళీ పీల్చింది. గుమ్మంలో గిన్నె పట్టుకుని నిలబడ్డ ఇల్లాలు "ఏమైందమ్మా, నొప్పా?" అని అడుగుతున్నా జవాబు చెప్పకుండా వీధిలో అటూ ఇటూ నడవడం మొదలుపెట్టింది. ఎనిమిది అడుగులు, పది, పన్నెండు. పట్టీ మెల్లగా వదులైంది. అప్పుడు వచ్చి మళ్ళీ గంప ముందు కూర్చుంది.

"ఊపిరి మర్సిపోనాదమ్మా నా గుంట. గ్యాపకం సేసొచ్చినాను. కేజీయేనా, రెండా?"

ఆ గుంట అక్కడికి ఆరు కిలోమీటర్ల దూరంలో, ఆసుపత్రి మూడో అంతస్తులో ఉంది. పుట్టి అయిదు వారాలైంది. నెలలు నిండకుండా ఇరవై నాలుగో వారంలోనే, అరచేతిలో ఇమిడిపోయేటట్టు, ఆరువందల ఇరవై గ్రాములతో పుట్టింది. గాజు పెట్టెలో, తేనెరంగు జిగురులాంటి మెత్తటి పొరలో మెడ దాకా చుట్టి ఉంది. ఆ పొరకి డాక్టర్ హైమవతి పెట్టిన పేరు పొత్తిలి.

పొత్తిలి చేసే పని చెప్పడానికి తేలికే. తల్లి పొట్ట మీది పట్టీ ఆమె గుండె చప్పుడును, ఊపిరిని, నడకను, గొంతులోని అదురును ఎప్పటికప్పుడు అందుకుని పంపిస్తుంది. పొత్తిలి వాటిని బిడ్డ ఒంటికి తాకిస్తుంది. బిడ్డకి చలి వేసినా, ఆకలైనా, సూది గుచ్చినచోట నొప్పి పుట్టినా, ఆ సంగతి చర్మం మీది చెమ్మలోనే పసిగట్టి వెంటనే వెచ్చబడుతుంది, ఊపుతుంది, గొట్టంలోంచి పాలచుక్క వదులుతుంది. ఊపిరి ఒక్కటే దాని చేతిలో లేదు. బిడ్డ ఊపిరి తప్పితే పట్టీ బిగుసుకుంటుంది. తల్లి ఊపిరి తీసి చూపిస్తే బిడ్డ అందుకుంటుంది.

మొదట్లో ఇంజనీరు సలీం రికార్డు చేసిన గుండె చప్పుడుతో ప్రయత్నించాడు. పిల్లలు రెండు రోజుల్లోనే దాన్ని పట్టించుకోవడం మానేశారు. బతికున్న మనిషి నడక ఒకసారి ఉన్నట్టు ఇంకోసారి ఉండదు. ఆ తేడాయే వాళ్ళకి కావలసింది. రత్నాన్ని మొదటి రెండు వారాలు వార్డులో మంచం మీదే ఉంచారు. బిడ్డ ఎదగలేదు. మూడో వారం ఆమె "ఇలగ తొంగుంటే నా గుంటకీ నాకూ ఇద్దరికీ పిచ్చెక్కుద్ది డాట్రమ్మా" అని గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి బిడ్డ బరువు పెరిగింది. బేరాలాడుతూ అరిచినప్పుడు, మెట్లెక్కినప్పుడు, సముద్రం ఒడ్డున ఇసకలో కాళ్ళీడ్చుకుంటూ నడిచినప్పుడు బిడ్డ గుండె నిలకడగా కొట్టుకోవడం హైమవతి తెర మీద చూసింది. ఆ తరువాత ఆమె ఏ తల్లినీ మంచం మీద ఉంచలేదు.

పధ్నాలుగు వారాలు రత్నం ఆ పట్టీ విప్పలేదు. రోజుకి ముప్పైసార్లు అది బిగుసుకునేది. అన్నం ముద్ద నోట్లో ఉండగా లేచి నడిచింది. నిద్రలో లేచి నడిచింది. ఒకసారి బస్సులో కండక్టరుతో పోట్లాడుతూ, ఆ పోట్లాట మధ్యలోనే నోరు మూసుకుని ఊపిరి తీసింది. భర్త ఎల్లాజీ వేటకి పోయి వచ్చేసరికి ఆమె సగమైపోయింది.

"ఆ పట్టీ ఒకరోజు నాకియ్యే" అన్నాడు.

"నీ నడక దానికి తెల్దు" అంది రత్నం.

బిడ్డ రెండు కేజీల వంద గ్రాములతో ఇంటికి వెళ్ళింది. పైడితల్లి అని పేరు పెట్టారు. మెదడు ఫోటోలలో ఎక్కడా రక్తనాళం చిట్లిన మచ్చ లేదు. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. పద్దెనిమిదేళ్ళుగా అదే వార్డులో పనిచేస్తున్న హైమవతి అంత చిన్న బిడ్డను అంత ఆరోగ్యంగా ఇంటికి పంపడం అదే మొదలు. అలా పందొమ్మిది మందిని పంపింది. ప్రతి మూడు నెలలకీ వాళ్ళను పిలిపించి చూసేది. పిల్లలు మెడ నిలిపారు, బోర్లా పడ్డారు, కూర్చున్నారు. "ఎలా ఉంది?" అని అడిగితే తల్లులందరూ దాదాపు ఒకే మాట చెప్పేవారు.

"బంగారమండీ. అసలు ఏడవదు."

హైమవతి ఆ మాట ప్రతిసారీ నవ్వుతూ రాసుకుంది.

* * *

పైడికి పధ్నాలుగు నెలలప్పుడు, ఒక పొద్దుటి పూట, రత్నం తాముండే జాలరిపేటలో నెత్తళ్ళు ఎండబెడుతోంది. ఒడ్డుకి లాగిన తెప్ప నీడలో గోనె పరిచి పిల్లను కూర్చోబెట్టింది. వల మీద చేపలు పల్చగా పరుచుకుంటూ అటు చివరికి పోయి, తిరిగి వచ్చేసరికి చాలాసేపు పట్టింది. పిల్ల అలాగే కూర్చుని ఉంది. కుడికాలు తొడ దాకా ఎర్రచీమలు పట్టి ఉన్నాయి.

పైడి ఏడవలేదు. కాలు లాక్కోలేదు. పెదవులు బిగించి, కళ్ళ నిండా నీళ్ళతో, ఎటూ కాకుండా పైకి చూస్తోంది.

రత్నం కాలు దులిపి, సముద్రపు నీళ్ళు చల్లి, పిల్లను చంకనేసుకుని ఆటో ఎక్కింది. హైమవతి గదిలోకి చెప్పకుండా దూరిపోయి, వాచిపోయిన కాలు బల్ల మీద పెట్టింది.

"నా గుంటకి నొప్పి తెలుస్తాదా, తెల్దా? అది సెప్పండి ముందు."

"తెలుస్తుంది రత్నం. ఎందుకు తెలియదు?"

"మరేల ఏడవదు?"

హైమవతి పిల్ల వేలికి గుండె లెక్కపెట్టే క్లిప్పు పెట్టింది. నూటపది ఉంది. కాలి మీది చీమకాట్లకి మందు రాసింది. మండే మందు. అంకె నూట తొంభైకి దూకింది. కనుబొమలు ముడిపడ్డాయి, చిన్న పొట్ట బిగుసుకుపోయింది. నోరు మాత్రం తెరుచుకోలేదు. పైడి తల్లి వైపు చూడలేదు, డాక్టరు వైపూ చూడలేదు. గాలిలోకి చూస్తూ అలా ఉండిపోయింది.

ఆ చూపు హైమవతికి తెలుసు. గాజుపెట్టెలో ఉన్న పిల్లల చూపు అది. కాస్త ఇబ్బంది అయితే అలాగే ఒక్క క్షణం బిగుసుకుని ఆగేవారు. ఆలోగా పొత్తిలి వెచ్చబడేది. ఈ పిల్ల ఎదురుచూస్తోంది. ఎవరూ పిలవకుండానే వచ్చే ఆ వెచ్చదనం కోసం పదకొండు నెలలుగా ఎదురుచూస్తూనే ఉంది.

డాక్టరు చేతిలోని దూది కింద పడింది. వంగి తీసుకోవడం కూడా మరిచిపోయింది.

ఆ మధ్యాహ్నం ఆమె మిగిలిన పద్దెనిమిది ఇళ్ళకీ ఫోన్ చేసింది. ఈసారి "ఎలా ఉంది" అని అడగలేదు. "ఆకలేస్తే ఏం చేస్తుంది? పడితే ఏం చేస్తాడు? ఆఖరిసారి ఎప్పుడు ఏడ్చింది?" అని అడిగింది. పద్నాలుగు మంది తల్లులు ఆలోచించి, ఆలోచించి, గుర్తు లేదన్నారు. అనకాపల్లి నుంచి ఒక తండ్రి మాత్రం వేరే సంగతి చెప్పాడు. "కిందటి నెల మావాడి చెయ్యి విరిగిందండి. రెండు రోజుల తర్వాత వాపు చూసి తెలుసుకున్నాం. గట్టి పిల్లాడు అని అందరికీ చెప్పుకున్నానండి నేను."

సలీం పైడితల్లి పధ్నాలుగు వారాల లెక్క బయటికి తీశాడు. తెర వైపు చూస్తూ నెమ్మదిగా చదివాడు.

"నలభై ఒక్క వేల రెండు వందల సార్లు పొత్తిలి జవాబిచ్చింది మేడమ్. సగటున సెకనులోపే. ఇంత వేగంగా పనిచేస్తోందని అప్పుడు మనం స్వీట్లు పంచుకున్నాం."

"పాప ఎన్నిసార్లు అడిగింది?"

"అడగడమంటే?"

"చెయ్యి విదిలించడం. మూలగడం. మొహం చిట్లించడం."

సలీం వెతికాడు. మొదటి వారంలో మూడు వందల పైచిలుకు ఉన్నాయి. రెండో వారంలో నలభై. అయిదో వారం నుంచి ఒక్కటీ లేదు.

రత్నం గోడకి ఆనుకుని వింటోంది. పిల్ల ఆమె భుజం మీద నిద్రపోయింది.

"ఆకలేసేలోపే నోట్లో పెట్టీసినారు" అంది. "ఇంక దానికి నోరెందుకు?"

హైమవతి తెర ముందు నుంచి ఆమె వైపు తిరిగింది.

"నన్ను తిట్టు రత్నం" అంది.

"తిడితే ఏటొస్తాది? దాన్ని బతికించింది మీరే. ఇప్పుడు పిలవడం నేర్పించండి. మీకు తెల్దంటే నానే నేర్సుకుంతాను. ఎలగో సెప్పండి, అంతే."

* * *

పొత్తిలి పరిశోధన నడిపే సంస్థ డైరెక్టరుకి ఈ సంగతి నచ్చలేదు. పదకొండు రోజుల్లో రాజధానిలో నిపుణుల కమిటీ కూర్చోబోతోంది. వాళ్ళు సరేనంటే ప్రతి జిల్లా ఆసుపత్రికీ పొత్తిలి వెళుతుంది.

"కమిటీ అడిగేది మూడు విషయాలు హైమవతి గారూ. బతికారా, మెదడు బాగుందా, నడుస్తున్నారా. మూడింటికీ మన దగ్గర మంచి జవాబులున్నాయి. ఏడుపు మన కొలమానాల్లో లేదు."

"ఉండాల్సింది సర్. నేనే పెట్టలేదు. ఇప్పుడు పెడతాను."

"మీరిది చెబితే రెండేళ్ళు వెనక్కి పోతుంది. ఆ రెండేళ్ళలో ఎన్ని వార్డుల్లో ఎంతమంది పిల్లలు పోతారో నాకంటే మీకే బాగా తెలుసు."

తెలుసు. పొత్తిలి రాకముందు ఏడువందల గ్రాముల లోపు పుట్టిన పదిమందిలో ముగ్గురు కూడా మిగిలేవారు కాదు. ఆ మిగలని ఏడుగురిని తెల్లగుడ్డలో చుట్టి తండ్రుల చేతికి ఇచ్చింది ఆమే.

"తెలుసు సర్" అంది. "అయినా చెబుతాను. పదకొండు రోజులు చాలు, అన్నీ రాసుకోవడానికి."

దానికంటే కష్టమైనది వార్డులోనే ఉంది. ఆ రోజుకి ఆరుగురు బిడ్డలు పొత్తిళ్ళలో ఉన్నారు. తీసేస్తే బతకరు. ఉంచితే పైడితల్లిలా అవుతారు. హైమవతి, సలీం రెండు రోజులు తలుపు వేసుకుని కూర్చుని ఒక మార్పు చేశారు. ఇకమీదట బిడ్డ ఆకలి, చలి, నొప్పి పసిగట్టగానే పొత్తిలి జవాబివ్వదు. ఆరు సెకన్లు ఆగుతుంది. ఆలోగా బిడ్డ వేలు కదిపినా, కాలు తన్నినా, మొహం చిట్లించినా అదే పిలుపని తీసుకుని ఆ క్షణంలోనే జవాబిస్తుంది. ఏమీ చెయ్యకపోతే ఆరు సెకన్ల తరువాత ఎలాగూ ఇస్తుంది. ఊపిరి విషయంలో మాత్రం ఏ ఆలస్యమూ లేదు.

చెప్పుకోవడానికి ఆరు సెకన్లే. కానీ ఆ వయసు బిడ్డ గాభరా పడితే రక్తపోటు పెరుగుతుంది. తలలో వెంట్రుక కంటే సన్నని రక్తనాళాలు చిట్లుతాయి. పొత్తిలి వచ్చాక అలా చిట్లడం బాగా తగ్గింది. ఈ మార్పుతో మళ్ళీ పెరగవచ్చు, పెరగకపోవచ్చు. హైమవతి ఆరుగురు తల్లుల్నీ కూర్చోబెట్టి ఏదీ దాచకుండా చెప్పింది. అయిదుగురు భయపడుతూనే ఒప్పుకున్నారు. నర్సీపట్నం నుంచి వచ్చిన స్కూలు టీచరు సుభాషిణి ఒప్పుకోలేదు. పెళ్ళైన తొమ్మిదేళ్ళకి పుట్టిన బిడ్డ. పుట్టి ఎనిమిది రోజులైంది.

"నా బాబు ముందు బతకాలి డాక్టర్. ఏడుపు సంగతి తర్వాత చూసుకుంటాను."

ఆ రోజు రత్నం పైడిని పరీక్షకి తీసుకొచ్చి వరండాలో ఉంది. ఆమె లోపలికి వచ్చి సుభాషిణి పక్కన నేల మీద కూర్చుంది.

"నీ జాగాలో ఉంటే నానూ అదే అందును టీచరమ్మా" అంది. "అన్నాను కూడా. బతికిస్తే సాలు, ఇంకేటీ అడగను అన్నాను. అమ్మోరికి మొక్కినాను. మొక్కినట్టే అయ్యింది. ఇదిగో, సూడు."

పైడిని ఆమె ఒడిలో కూర్చోబెట్టింది. పిల్ల ఆరోగ్యంగా, బొద్దుగా ఉంది. సుభాషిణి బుగ్గ తాకితే చూసింది. రత్నం పిల్ల చేతిలోని బిస్కెట్టు లాక్కుంది. పైడి ఖాళీ చేతివైపు చూసుకుంది. తల్లివైపు తిరగలేదు. పెదవి వంకర పోలేదు. చెయ్యి అలాగే చాపుకుని కూర్చుంది. ఒక నిమిషం గడిచింది. సుభాషిణి ఆ ఖాళీ చేతిని చూడలేకపోయింది. తనే బిస్కెట్టు తీసి పిల్ల చేతిలో పెట్టింది.

"ఒప్పుకోమని సెప్పడానికి రానేదు" అంది రత్నం. "నీ బిడ్డ, నీ ఇష్టం. తెలిసి సెయ్యి. నాకు తెల్దు అప్పుడు, అంతే తేడా."

సుభాషిణి పొట్ట మీది పట్టీని సవరించుకుంది. తరువాత అడిగింది.

"మార్చేటప్పుడు మీరు నా పక్కన ఉంటారా?"

మర్నాడు పదకొండు గంటలకి సలీం మార్పు పెట్టాడు. బాబుకి పాలవేళ. గాజుపెట్టె చుట్టూ హైమవతి, సలీం, సుభాషిణి, రత్నం. తెర మీద ఆకలి గుర్తు పచ్చగా వెలిగింది. పొత్తిలి కదలలేదు.

ఒకటి. బాబు గుండె వేగం పెరిగింది.

రెండు. మూడు. కళ్ళ మీది పల్చటి రెప్పలు బిగుసుకున్నాయి. సుభాషిణి గాజు మీద అరచేయి ఆనించింది.

నాలుగు. అంకె ఇంకా పైకి పోతోంది. సలీం వేలు పాత పద్ధతికి మార్చే మీట మీద ఉంది. హైమవతి అతని మణికట్టు పట్టుకుంది.

అయిదు.

అగ్గిపుల్లంత కాలు పొరను తన్నింది. అది తన్ను అనడానికి కూడా లేదు. వంకాయ తొడిమంత పాదం కాస్త కదిలింది. పొత్తిలి అప్పుడే ఊగింది. పాలచుక్క జారింది. అంకె దిగింది.

"అడిగినాడు!" అంది రత్నం. "నీ కొడుకు అడిగి తీసుకున్నాడు టీచరమ్మా!"

సుభాషిణి నవ్వడానికి ప్రయత్నించి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఆ ఆరుగురిలో అయిదుగురు తరువాతి నెలల్లో ఇళ్ళకి వెళ్ళారు. అరకు నుంచి వచ్చిన ఒకామె బిడ్డకి, మార్పు పెట్టిన మూడోనాడు తలలో రక్తనాళం చిట్లింది. ఆరోనాడు పోయింది. అలాంటివి పొత్తిలి రాకముందూ జరిగాయి, పొత్తిలి ఉన్నప్పుడూ అడపాదడపా జరిగాయి. ఇది ఆ ఆరు సెకన్ల వల్ల జరిగిందా, వాటితో పనిలేకుండా జరిగేదేనా అన్నది హైమవతి ఎన్నిసార్లు లెక్కలు తిరగేసినా తేలలేదు. ఆ తల్లికి ఆ మాటే చెప్పింది. "నాకు తెలియదమ్మా. నా వల్ల కాదని మాత్రం చెప్పలేను." ఆమె పట్టీ విప్పి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

కమిటీ ముందు హైమవతి పందొమ్మిది మంది పిల్లల గురించీ, ఈ ఆరుగురి గురించీ అన్నీ చెప్పింది. పొత్తిలిని రెండేళ్ళు ఆపారు. ఆలస్యంతో పనిచేసే పొత్తిలిని మాత్రం ఆ ఒక్క వార్డులో కొనసాగించమన్నారు. తిరుగు రైలులో డైరెక్టరు వేరే బోగీలో కూర్చున్నాడు.

* * *

పైడికి పిలవడం నేర్పడానికి పుస్తకమేదీ లేదు. హైమవతి మంగళవారం, శనివారం సాయంత్రాలు పేటకి వచ్చేది. రత్నం ఇంటి ముందు చాప మీద కూర్చునేది.

మొదట వాళ్ళు చేసింది తప్పు. అన్నం ముద్ద పిల్ల నోటి దగ్గర పట్టుకుని, అడిగేదాకా ఆగారు. పైడి ముద్దను చూసింది, చూసింది, పక్కకి ఒరిగి నిద్రపోయింది. నాలుగు రోజులు అలాగే అయింది. పేటంతా వింతగా చూశారు. అత్త పోలమ్మ గిన్నె లాక్కుంది.

"రాచ్చసివే నువ్వు! కన్నతల్లివేనా? పసిగుంటని పస్తుంచుతావా?"

"నానేం సరదాకి సేస్తన్నానేటత్తా?" అని రత్నం అరిచింది. అరిచి, లోపలికి పోయి, పిల్లకి నిద్రలోనే పాలు తాగించి ఏడ్చింది.

అయిదో రోజు శనివారం. హైమవతి పిల్ల మొహం చూడడం మానేసి ఒళ్ళంతా చూసింది. ముద్ద నోటి దాకా తెచ్చి ఆపినప్పుడు పైడి ఎడమకాలి బొటనవేలు లోపలికి ముడుచుకుంటోంది. అంతే. వదిలేస్తే మళ్ళీ విచ్చుకుంటోంది.

"రత్నం, ఆ వేలు చూడు. అదే అడగడం. మనం మరీ పెద్దది అడుగుతున్నాం దాన్ని. ఆ వేలు ముడవగానే పెట్టెయ్యి. ఒక్క క్షణం కూడా ఆగకు."

ఆ రోజు నుంచి ఇంట్లో అందరూ పిల్ల కాలివేళ్ళు చూడడం మొదలుపెట్టారు. వేలు ముడిస్తే ముద్ద. వేలు ముడిస్తే నీళ్ళు. పోలమ్మ కూడా చూపు ఆనని కళ్ళతో పిల్ల పాదం దగ్గర కూర్చుని "ముడిసినాది! ఎట్టు, ఎట్టు!" అని కేకలేసేది. మూడు వారాలకి వేలు కాస్తా పాదమైంది. రెండు నెలలకి చెయ్యి లేచింది. పైడి ముద్ద కోసం చెయ్యి చాచిన రోజు ఎల్లాజీ వేటకి పోవడం మానేసి పొద్దస్తమానం కూతురికి పెడుతూనే ఉన్నాడు. సాయంత్రానికి పిల్ల వాంతి చేసుకుంది. రత్నం ఇద్దర్నీ తిట్టింది.

నడక పదిహేడో నెలలో వచ్చింది. గొంతు మాత్రం రాలేదు. పడితే లేచేది. తలుపు సందులో వేలు నలిగినా నోరు విప్పేది కాదు. హైమవతి పైడిలాంటి మిగిలిన పదిహేను మంది ఇళ్ళకీ వెళ్ళి, కాలివేళ్ళు, కనురెప్పలు, చెవి తమ్మెలు చూడమని తల్లులకి చెప్పింది. ప్రతి పిల్లా ఎక్కడో ఒకచోట చిన్నగా అడుగుతూనే ఉంది. అనకాపల్లి కుర్రాడు నాలిక కొస బయటపెట్టేవాడు. వాడు అలా చేస్తున్నాడని తెలిసిన రోజు ఆ తండ్రి ఫోన్ చేసి "నాలిక బయటపెడుతున్నాడండి" అని రెండుసార్లు చెప్పి పెట్టేశాడు.

కొందరు అలసిపోయారు. "మా పాపకి అలవాటైపోయింది, మాకూ అలవాటైపోయింది" అని ఒకామె తలుపు వేసేసింది. హైమవతి వచ్చే వారం మళ్ళీ ఆ తలుపు కొట్టింది.

"అడగడం రాకపోతే, రేపు బళ్ళో దాహం వేస్తే ఏం చేస్తుంది రత్నం?" అని ఒక సాయంత్రం ఆమె చాప మీద కూర్చుని అంది. బాగా అలసిపోయి ఉంది. "ఎవరైనా కొడితే? ఎవరైనా..."

"ఒస్తాది డాట్రమ్మా. కాలివేలు దాకా ఒచ్చినాది, నోటికాడికి రాదేటి? మీరు టీ తాగండి."

పైడికి ఇరవై మూడో నెల. ఎల్లాజీ వాళ్ళ పడవ వచ్చిన రోజు. రత్నం హార్బరులో వేలంపాట దగ్గర, పిల్లను భర్తకి అప్పగించి, వంజరం పెట్టె కోసం అరుస్తోంది. నాలుగు వైపులా పాటలు, గంపలు, నీళ్ళు. పక్కన ఎల్లాజీ తోటివాళ్ళతో మాట్లాడుతూ, చేపల పెట్టెలోంచి ఐసు ముక్క ఒకటి తీసి, ఆడుకోమని పిల్ల చేతిలో పెట్టాడు.

పైడి దాన్ని పట్టుకుంది. వేళ్ళు ఎర్రబడ్డాయి. బొటనవేలు ముడుచుకుంది. ఎల్లాజీ అటు తిరిగి ఉన్నాడు. పాదం తన్నింది. చేతిలో ఉన్నది వదిలెయ్యాలని తెలియక ఇంకా గట్టిగా పట్టుకుంది. తండ్రి ఇటు తిరగలేదు.

అప్పుడు వినిపించింది. బొంగురుగా, తుప్పు పట్టిన గిలకలా మొదలై, ఎక్కడ ఆగాలో తెలియనట్టు పైకి పోయిన కేక. వేలం పాడేవాడు అంకె మరిచిపోయాడు.

రత్నం ఆ గొంతు ఎప్పుడూ వినలేదు. అయినా ఎవరిదో తెలిసిపోయింది. గంపలు తోసుకుంటూ, ఎవరి కాలో తొక్కుతూ పరుగెత్తింది. పిల్ల చేతిలోని ఐసు విదిలించి, ఆ చల్లటి వేళ్ళను నోట్లో పెట్టుకుని ఊదింది. పైడి ఎక్కెక్కిపడుతూ ఆగింది. తల్లి మొహంలోకి సూటిగా చూసింది. తరువాత కింద పడ్డ ఐసు ముక్కను చూసింది. చెయ్యి చాచింది. ఎవరూ ఇవ్వకపోయేసరికి ఈసారి కోపంతో, ఇందాకటికంటే గట్టిగా కేక అందుకుంది.

"ఇంకా కావాలంట మళ్ళీ!" అన్నాడు ఎల్లాజీ. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో అతనికే తెలియలేదు.

అవతల పెట్టెల దగ్గర నుంచి ఒక ముసలామె విసుక్కుంది. "ఎవలిదే ఆ గుంట? సెవులు తూట్లడిపోతన్నాయి! నోరు ముయ్యించండే దానికి!"

"నాదే!" అని రత్నం కేకేసింది. పిల్లను భుజం మీదికి ఎత్తుకుని, హార్బరంతా వినబడేటట్టు. "నాదేనమ్మా! ఏడవనీ!"